రాజీనామా ముందు, ఎన్‌రోల్‌మెంట్ తర్వాత

హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. ఎల్‌ఎల్‌బీ చివరి సెమిస్టరు పాసయ్యావని మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. చాలా సంతోషం. నీ ఉత్తరంలో పదకొండు ప్రశ్నలున్నాయి. పదింటికి జవాబులు తేలిక. మిగిలిన ఒక్కదాన్ని ఫీజుల సంగతికీ ఫొటోల సంగతికీ మధ్య దూర్చావు: ఉద్యోగం మానకుండానే ఎన్‌రోల్ అయితే, అంటే బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకుంటే ఏమవుతుంది అని. అసలు అడగదలచుకున్నది అదేనని నాకు తెలియదనుకున్నావా? ముప్పై ఏళ్లుగా కోర్టులో సాక్షులను క్రాస్ చేస్తున్నదాన్ని. దాని దగ్గరికి వస్తాను.

ముందు తేలికైనవి. 1961 నాటి అడ్వకేట్స్ చట్టంలో 24వ సెక్షన్ ఒకసారి నిదానంగా చదువు. భారత పౌరురాలివై ఉండాలి, 21 ఏళ్లు నిండాలి, దేశంలో న్యాయవాద వృత్తికి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన విశ్వవిద్యాలయం న్యాయశాస్త్ర పట్టా ఉండాలి. మూడూ నీకున్నాయి. నైతిక పతనంతో కూడిన నేరానికి శిక్ష పడినవాళ్లను ఆపేది 24ఎ. దానితో నీకు పనిలేదు. మా పెరట్లో మామిడికాయలు కోసుకుపోయిన కేసుకు ఎప్పుడో కాలదోషం పట్టింది.

గుంటూరు సొంత ఊరు కదా, ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌లో నమోదు కావాలా అన్నావు. సొంత ఊరితో సంబంధం లేదు. ఎక్కడ ప్రాక్టీసు చేయదలచుకున్నావో ఆ రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టాలి. నువ్వు ఉండేది, ఉండబోయేది ఇక్కడే కాబట్టి తెలంగాణ బార్ కౌన్సిల్, హైకోర్టు ఆవరణలోనే ఉంది. ఒక మనిషి పేరు ఒక్క రాష్ట్రం రోల్‌లోనే, అంటే న్యాయవాదుల జాబితాలోనే ఉండాలి. రేపు మీ ఆయనకు విజయవాడ బదిలీ అయితే పేరు అక్కడి రోల్‌కు మార్పించుకోవచ్చు. మార్చకపోయినా, 30వ సెక్షన్ 2011 జూన్ 15 నుంచి అమల్లో ఉంది కాబట్టి దేశంలో ఏ కోర్టులోనైనా వాదించవచ్చు.

ఫీజు విషయంలో నువ్వు అదృష్టవంతురాలివి. చట్టంలో ఉన్నది రాష్ట్ర కౌన్సిల్‌కు 600, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు 150, మొత్తం 750 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 125. ఆచరణలో మాత్రం రకరకాల పద్దుల కింద వేలకు వేలు కట్టించుకునేవారు. ఒడిశాలో అది 42,100 దాకా పోయింది. 2024 జూలై 30న సుప్రీంకోర్టు, చట్టంలో ఉన్నదానికి మించి వసూలు చేయరాదని తీర్పిచ్చింది. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. అంతకుముందు కట్టినవాళ్లకు తిరిగి ఇవ్వనక్కర్లేదని కూడా అందులోనే చెప్పారు. మా ఛాంబర్‌లో జూనియర్లు ఆ మాట తలచుకుని ఇప్పటికీ నిట్టూరుస్తారు.

ఇప్పుడు కాగితాలు. అందరూ చిక్కుకునేది పేరు దగ్గర. నీ పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఇంటర్ మెమోలో పూర్తి ఇంటిపేరు, పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు. చూసేవాళ్లకు ముగ్గురు మనుషులు! మనవాళ్లలో ఇది ఇంటింటా ఉన్నదే. నా మాట విని పదో తరగతి మెమోలో ఉన్న పేరుతోనే దరఖాస్తు చెయ్యి. ఎల్‌ఎల్‌బీ పట్టా కూడా అదే పేరుతో ఉందో లేదో చూసుకో. రోల్‌లోకి ఎక్కిన పేరే జన్మంతా వకాలత్ మీద సంతకం చేయాల్సిన పేరు. అత్తవారి ఇంటిపేరే కావాలంటే ముందు గెజిట్‌లో మార్చుకుని అప్పుడు రా.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 1994లో నేనే దెబ్బతిన్నాను. ఒక మెమోలో నా పేరు రెండు ముక్కలు, ఇంకోదానిలో ఒకటే ముక్క. ఎవరు చూస్తారులే అనుకున్నాను. చూశారు. అఫిడవిట్ రాయించి తెచ్చేలోగా ఎన్‌రోల్‌మెంట్ కార్యక్రమం అయిపోయింది. ఇస్త్రీ చేసిన గౌను తర్వాతి కార్యక్రమం దాకా బీరువాలోనే వేలాడింది. మీ తాతయ్య బంధువులందరికీ ముందే చెప్పేశారు కూడా.

సరే, నీ పదకొండో ప్రశ్న. జీతం తీసుకుంటూ పూర్తికాలం ఉద్యోగం చేసే మనిషి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో ఇది 49వది. ఉద్యోగంలో లేనని దరఖాస్తుతో పాటు నువ్వే రాసి ఇవ్వాలి. గచ్చిబౌలి ఆఫీసులో రాత్రి షిఫ్టు అయినా, ఇంటి నుంచి పని అయినా, పీఎఫ్ కట్ అవుతున్న జీతం జీతమే. "నా స్నేహితురాళ్లు చేశారు" అని రాశావు. చేశారేమో. న్యాయవాదిగా నీ చేత్తో రాసే మొట్టమొదటి కాగితం నీ గురించినదే. అది అబద్ధమైతే, పదేళ్ల తర్వాత కూడా ఎదుటి పక్షం వకీలు దాన్ని తవ్వి తీయగలడు. వాళ్ల తరఫున నేనున్నా తీస్తాను.

నీ తొందర నాకు అర్థమైంది. జడ్జి పరీక్ష కదా? జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మూడేళ్లను తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి, అంటే బార్ పరీక్ష పాసవ్వకముందు జరిగే నమోదు నుంచే లెక్కేస్తారు. ఇక్కడ జీతం వస్తుంటే అక్కడ ఏళ్లు గడుస్తాయని నీ లెక్క. కానీ ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. పదేళ్ల అనుభవమున్న న్యాయవాది నీ ప్రాక్టీసును ధ్రువీకరించాలి, దాని మీద న్యాయాధికారి ఆమోదం ఉండాలి. కోర్టు మెట్లెక్కని మనిషికి ఎవరు సంతకం పెడతారు? అత్తయ్య పెడుతుందనుకుంటే ఆ ఆశ ఇప్పుడే వదులుకో.

కాబట్టి రాజీనామా ముందు, దరఖాస్తు తర్వాత. అయితే ఇవాళే రాజీనామా చేయమని కాదు. ఏడాదికి సరిపడా ఇంటి ఖర్చు, ఫ్లాటు వాయిదాలు పక్కన పెట్టుకునే దాకా ఆగు. ఆరు నెలలు ఆలస్యమైతే కొంప మునగదు. జూనియర్లకు నగరాల్లో నెలకు కనీసం 20 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో చెప్పింది కానీ అది సిఫార్సు మాత్రమే. ఆ సొమ్మును నమ్ముకుని బడ్జెట్ వేయకు. రోజుకు మూడు గంటలు మించకుండా లా కాలేజీలో పాఠం చెప్పడానికి మాత్రం నియమాలు ఒప్పుకుంటాయి. ప్రయత్నించు.

ఆలిండియా బార్ పరీక్ష గురించి అంత బెంగ దేనికో తెలియదు. ఎన్‌రోల్ అయ్యాక రెండేళ్లలోగా పాసవ్వాలి, అప్పటిదాకా కోర్టుకు రావచ్చు. వంద ప్రశ్నలు, తప్పు జవాబుకు మార్కులు కోయరు, 45 వస్తే చాలు. తెలుగులోనూ రాయవచ్చు. వ్యాఖ్యానాలు లేని చట్టం పుస్తకాలను లోపలికి తీసుకెళ్లనిస్తారు, అవి తిరగేయడం అలవాటుంటే గట్టెక్కుతావు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం అనే కొత్త క్రిమినల్, సాక్ష్య చట్టాలు వచ్చాయి కాబట్టి నోటికి వచ్చిన పాత ఐపీసీ సెక్షన్లతో పాటు కొత్త అంకెలూ పట్టుకోవాలి. ఆ తిప్పలు నాకూ ఉన్నాయి.

నేరుగా హైకోర్టులో చేరతానన్నావు. వద్దు. రెండేళ్లు సిటీ సివిల్ కోర్టులో తిరుగు. అక్కడ సాక్షి బోనులో నిలబడి నీళ్లు నమలడం కళ్లారా చూస్తావు. దావా నంబరు పడకుండా ఎందుకు రిటర్న్ అయిందో, వాయిదా అడగాల్సిన పద్ధతి ఏమిటో, బెంచ్ క్లర్కు దగ్గర ఎంత మర్యాదగా మాట్లాడాలో ఏ సెమిస్టరులోనూ చెప్పరు. మా గుమాస్తా చెబుతాడు. ఆయన ముందు నేనూ నోరెత్తను.

వచ్చే ఆదివారం ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని ఇంటికి రా. పదో తరగతి మెమో పైన పెట్టుకుని మిగతావి ఒక్కొక్కటీ దానితో అక్షరం అక్షరం పోల్చి చూద్దాం. మెడకు కట్టుకునే తెల్ల బ్యాండ్లు కొనకు, నా దగ్గర కొత్తవి రెండు జతలున్నాయి.

ఇట్లు,
అత్తయ్య