పాత ట్రాలీ ఆర్‌సీని మన పేరిట మార్పించుకోవడం ఎలా?

బళ్ళారిలో కొన్న పాత ట్రాక్టర్ ట్రాలీని అనంతపురంలో తన పేరిట ఎలా మార్పించుకోవాలని ఒక రైతు అడిగారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాలీ కూడా మోటారు వాహనమే కనుక దానికి విడిగా ఆర్‌సీ ఉండాలి; స్టాంపు కాగితం మీది అమ్మకపు ఒప్పందం ఎంతమాత్రం దానికి బదులు కాదు. యాజమాన్య మార్పును తెలియజేసే ఫారం 29పై అమ్మినవారు, ఆ మార్పు కోరే దరఖాస్తు ఫారం 30పై అమ్మినవారు, కొన్నవారు ఇద్దరూ సంతకాలు చేయాలి. బండి కర్ణాటకది కాబట్టి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28పై నిరభ్యంతర పత్రం, ఆర్‌సీలో అప్పు నమోదై ఉంటే అది తీరినట్టు ఫైనాన్సు సంస్థ సంతకంతో ఫారం 35 కూడా కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, డబ్బు ఇవ్వకముందే ఛాసిస్ (ట్రాలీ అడుగు చట్రం) మీద కొట్టిన నంబరును, తుప్పు గీకి మరీ, ఆర్‌సీలోని నంబరుతో అంకె అంకె సరిచూసుకోండి.