మలేరియా వచ్చి తగ్గితే కరోనా సోకదా?

ప్రశ్న: మాది చీమకుర్తి, క్వారీలో పని. పోయినేడు ఒడిశాలో పనికెళ్లినప్పుడు మలేరియా వచ్చి తగ్గింది. మలేరియా వచ్చినోళ్లకు కరోనా అంటదని మావాళ్లు అంటున్నారు. నిజమేనా? ముందుజాగ్రత్తగా ఇంట్లో మిగిలిన క్లోరోక్విన్ బిళ్లలు వేసుకోవచ్చా? వారం నుంచి రోజు విడిచి రోజు చలిజ్వరం వస్తోంది.

సమాధానం: మీరు చివర్లో రాసిన ముక్కే నాకు ముఖ్యం. కరోనా సంగతి తర్వాత, ముందు రేపు పొద్దున్నే పీహెచ్‌సీకి వెళ్లి మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి. మీకు అప్పుడు వచ్చింది వైవాక్స్ రకమైతే, దాని క్రిములు కాలేయంలో నక్కి ఉండి నెలల తర్వాత కూడా తిరగబెడతాయి. వాటిని చంపేది ప్రైమాక్విన్, 14 రోజులు వాడాలి. జ్వరం తగ్గగానే ‘ఇంకెందుకులే, వేడి చేస్తుంది’ అని మధ్యలో ఆపేసేవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు. మీరూ ఆపారేమో గుర్తు చేసుకుని డాక్టరుకు చెప్పండి. సొంతంగా మాత్రం ప్రైమాక్విన్ కొని మింగొద్దు, కొందరికి దానివల్ల ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి.

ఇంట్లో ఉన్న క్లోరోక్విన్ కూడా ముట్టుకోకండి. ఫాల్సిపారం అనే ఇంకో రకం మలేరియా దానికి లొంగదు. పైగా అరకొరగా వేసుకుంటే పరీక్షలో క్రిమి దొరక్కుండా పోవచ్చు.

మీవాళ్ల మాట నిజం కాదు, అయితే అది ఊరికే పుట్టలేదు లెండి. 2020 మొదట్లో మలేరియా ఎక్కువున్న ఆఫ్రికా దేశాల్లో కరోనా కేసులు తక్కువగా కనబడ్డాయి. అక్కడ కుర్రవాళ్లు ఎక్కువ, పరీక్షలు తక్కువ అన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అదే మార్చిలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వైద్య సిబ్బందికి క్లోరోక్విన్ లాంటిదే అయిన మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను కరోనా రాకుండా వాడమని సూచించేసరికి జనం మందుల షాపుల మీద పడ్డారు. తీరా బ్రిటన్‌లో ఆసుపత్రిలో చేరిన 1,561 మంది కరోనా రోగులకు ఆ మందు ఇచ్చి చూస్తే 28 రోజుల్లో 27 శాతం మంది చనిపోయారు. మామూలు వైద్యం అందినవాళ్లలో 25 శాతం. అంటే ప్రాణం కాపాడలేదు.

కరోనా మలేరియా రోగులకు చేసిన మేలు ఏమీ లేదు, కీడే చేసింది. 2020లో ప్రపంచవ్యాప్తంగా మలేరియా మరణాలు అంతకుముందు ఏడాది కంటే 69 వేలు పెరిగాయని డబ్ల్యూహెచ్‌వో లెక్క. పరీక్షలు, మందులు అందకపోవడమే చాలావరకు కారణం.

ఒకటి దోమకాటుతో, ఒకటి ఊపిరితో వస్తుంది. రెండూ ఒకేసారి రావచ్చు కూడా. అందుకే దగ్గు, గొంతునొప్పి ఉంటే కరోనా పరీక్షా చేయించుకోండి. అందులో పాజిటివ్ వచ్చినా మలేరియా పరీక్ష మానొద్దు. మాట తడబడినా, ఆయాసం వచ్చినా, మూత్రం డికాషన్ రంగులో పోయినా ఇంకెక్కడా ఆగకుండా నేరుగా ఒంగోలు రిమ్స్‌కు వెళ్లండి.