వింత విషయం అడిగేముందు

అమ్మలూ,

క్విజ్ పెట్టే పని నీ మీద పడిందని, అప్పుడే రెండొందల వింత విషయాలు పోగేశావని మీ నాన్న చెప్పాడు. రెండొందలెందుకే? ఇరవై చాలు. కానీ ఆ ఇరవైలో దేన్ని పట్టుకుని "ఎందుకలా?" అని అడిగినా నువ్వు తడుముకోకూడదు.

నాకిది తల బొప్పి కట్టాక తెలిసింది. ఒకసారి పిల్లల ముందు నిలబడి, చైనా గోడ చంద్రుడి మీంచి కూడా కనిపిస్తుందని దర్జాగా చెప్పాను. ముందు వరసలో ఒక బుడ్డోడు చెయ్యెత్తి "గోడ వెడల్పెంత సార్?" అన్నాడు. ఐదారు మీటర్లన్నాను. "రోడ్లు అంతకన్నా వెడల్పుంటాయి కదా, అవీ కనిపిస్తాయా?" అన్నాడు. నోరు పెగల్లేదు. చంద్రుడు ఉన్నది దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరంలో! 2003లో భూమికి దగ్గరగానే తిరిగొచ్చిన చైనా వ్యోమగామి యాంగ్ లివెయ్ కూడా గోడ తనకు కనపడలేదనే చెప్పాడు.

నెపోలియన్ పొట్టివాడని రాసుకునే ఉంటావు. కొట్టెయ్యకు, తిప్పి అడుగు. ఆయన ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలన్నది ఫ్రెంచి కొలత. అప్పటి ఫ్రెంచి అంగుళం సుమారు 2.7 సెంటీమీటర్లు, ఇంగ్లీషు అంగుళమేమో 2.54. అరవై రెండు అంగుళాల్ని రెండు రకాలుగా గుణించి చూడు, పది సెంటీమీటర్ల తేడా వస్తుంది. 168 సెంటీమీటర్ల మనిషి ఆ రోజుల్లో పొట్టేమీ కాదు.

ప్రశ్నలో మాట జారకుండా చూసుకో. "శుక్రుడి మీద రోజు పెద్దదా, ఏడాది పెద్దదా?" అని అడిగితే గొడవే. తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు, సూర్యుడి చుట్టూ తిరగడానికి 225 రోజులు పడుతుంది, నిజమే. కానీ అక్కడ ఒక సూర్యోదయం నుంచి ఇంకో సూర్యోదయానికి సుమారు 117 రోజులే. తెలిసినవాడు ఒక్కడున్నా నిన్ను పట్టేస్తాడు.

తేనె చెడిపోదు అనేదానికి "మూత బిగించి ఉంచితే" అని చేర్చు. తేమ తగిలితే పులుస్తుంది.

నవ్వించేది ఒకటి మధ్యలో పెట్టుకో. ఆహారాన్ని డబ్బాల్లో నిల్వచేసే పద్ధతికి ఇంగ్లండులో 1810లో పేటెంట్ వచ్చింది. డబ్బా తెరిచే పనిముట్టు రావడానికి ఇంకో నలభై ఏళ్లు పైనే పట్టింది. అందాకా ఉలి, సుత్తి! ఇది అడిగాక వెంటనే జవాబు చెప్పేయకు, కాసేపు కొట్టుకోనీ.

ఆక్టోపస్‌కి మూడు గుండెలన్నది మాత్రం తీసెయ్, అది అందరికీ వచ్చు. దాని రక్తం నీలంగా ఎందుకుంటుందో అడుగు. మన రక్తంలో ప్రాణవాయువును మోసేది ఇనుమున్న పదార్థం, దానికి రాగి ఉన్న పదార్థం.

మిగతా నూట ఎనభై నాకు పంపించు. ఖాళీగానే ఉన్నాను, ఒక్కోటీ జల్లెడ పడతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న