వేళ్లు తడిపేసి పరిగెత్తేస్తున్నారు!

ప్రశ్న: మేడమ్, మా ఇంటి కింది వాటాలో చిన్న ప్లేస్కూల్ నడుపుతున్నాను. అందరూ రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలే. చేతులు కడుక్కోమని రోజూ చెబుతున్నా, గోడకి చార్టు కూడా అంటించా, అయినా వేళ్లు తడిపేసి పరిగెత్తేస్తారు. వానలు మొదలైతే చాలు, ఒకరి తర్వాత ఒకరికి విరేచనాలు. తల్లిదండ్రులు అడుగుతుంటే టెన్షన్‌గా ఉంది. ఎలా నేర్పాలి?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ఆ వయసు పిల్లలు చెబితే నేర్చుకోరమ్మా, మీరు చేస్తుంటే చూసి చేస్తారు. అందుకని మీరూ ఆయా కూడా వాళ్ల పక్కనే నిలబడి సబ్బు రాసుకోండి, ఒకటి నుంచి ఇరవై వరకు అందరూ కలిసి నెమ్మదిగా లెక్కపెట్టండి. బొటనవేలు, వేళ్ల సందులు, గోళ్లు, ఎక్కువగా వదిలేసేవి ఇవే, కాబట్టి మొదటి కొన్నాళ్లు మీ చేత్తో వాళ్ల చెయ్యి పట్టుకుని రుద్దించాలి.

అసలు కుళాయి వాళ్లకి అందుతోందా? అందకపోతే జారని చిన్న పీట వేయండి. బకెట్లో అందరూ చేతులు ముంచితే ఒకరి మురికి ఇంకొకరికి అంటుతుంది, కుళాయి ఉన్న డ్రమ్ము పెట్టండి, లేదా ఆయా మగ్గుతో పోయాలి. అందరికీ కలిపి ఒకే తువ్వాలు వేలాడదీసి ఉంటే ఇవాళే తీసేయండి.

పిల్లల చేతుల కంటే నాకు పెద్దవాళ్ల చేతుల మీదే ఎక్కువ అనుమానం. ఒకరికి కడిగి, డైపర్ మార్చి, సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఇంకొకరి క్యారేజీ విప్పితే విరేచనాలు గది మొత్తం తిరుగుతాయి. శానిటైజర్ దీనికి సరిపోదు, కంటికి కనిపించే మురికి మీద అది సరిగా పనిచేయదు. ఫినాయిల్ వాసన వస్తే శుభ్రమైనట్టు కాదు, ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్ వాడండి. బ్లీచింగ్‌లో యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఇంకో మాట, మీరు అడగకపోయినా చెప్పాలి. కుళాయి నీళ్లు పట్టి నిలవ పెట్టుకునేవాళ్లు మూతలు గట్టిగా వేయాలి, వారానికోసారి డ్రమ్ములు ఖాళీ చేసి లోపల రుద్ది కడగాలి. డెంగీ దోమ పగలే కుడుతుంది, అంటే సరిగ్గా మీ స్కూలు వేళల్లోనే. బాత్రూమ్‌కి బయట పైన గడియ పెట్టించండి, జానెడు నీళ్లున్న బకెట్ కూడా ఏడాదిన్నర పిల్లాడి ప్రాణం తీయగలదు.

విరేచనాలైన పిల్లని, అవి తగ్గిన రెండు రోజుల దాకా పంపొద్దని తల్లిదండ్రులకి ముందే చెప్పండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దగ్గరుంచుకోండి. నీళ్లు తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంటికి కబురు పెట్టి ఊరుకోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.