రిపోర్టులన్నీ నార్మల్, లేచి నిలబడితే గుండె దడ. ఇది టెన్షనేనా?

నిలబడితే దడ, కళ్లు తిరగడం. ఈసీజీ, థైరాయిడ్, రక్తం అన్నీ బాగున్నాయి, డాక్టరు టెన్షన్ అన్నారు అని రాశారు కదా. నేను రెండేళ్లు ఇదే మాట విన్నాను. కడపలో టీచర్‌ని. ప్రేయర్‌లో జనగణమన అయ్యేలోపే గోడ పట్టుకునేదాన్ని. మా అత్త దిష్టి తీసింది కూడా.

చివరికి తేలింది పాట్స్ (POTS) అని, అంటే లేచి నిలబడితే గుండె వేగం మరీ పెరిగిపోయే సమస్య. నిలబడగానే రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాలు రక్తనాళాల్ని బిగించి దాన్ని పైకి పంపాలి. మాకు ఆ బిగింపు సరిగా కుదరదు, గుండె పరుగెత్తి సర్దబోతుంది. పడుకోబెట్టి తీసిన ఈసీజీలో ఇదెలా దొరుకుతుంది?

మీరొక పని చేయండి. పొద్దున లేవకముందే పల్స్, బీపీ రాసుకోండి. తర్వాత కదలకుండా 10 నిమిషాలు నిలబడి, రెండు నిమిషాలకోసారి రాయండి. పక్కన ఒకరుండాలి, పడిపోవచ్చు. పెద్దవాళ్లలో బీపీ పెద్దగా పడకుండా పల్స్ పడుకున్నప్పటికన్నా నిమిషానికి 30 లేదా అంతకు మించి పెరుగుతూ, ఈ బాధ మూడు నెలలు దాటితే పాట్స్‌ని అనుమానిస్తారు. నాది పడుకుంటే 74, ఎనిమిదో నిమిషానికి 121. ఆ కాగితం చూశాకే న్యూరాలజిస్టు పెన్ను కింద పెట్టి నా మాట విన్నారు.

మాత్రల సంగతి డాక్టరుకే వదిలేయండి. గుండె వేగం తగ్గించడానికి నాకిచ్చిన ప్రొప్రనలాల్ ఆస్తమా ఉన్నవాళ్లకు పనికిరాదు. ఉప్పు ఎక్కువ తినమన్నదీ నాకే. బీపీ, కిడ్నీ సమస్య ఉంటే అడక్కుండా మొదలుపెట్టొద్దు. రాత్రే మంచం పక్కన చెంబుతో ఉప్పు మజ్జిగ పెట్టుకుని, తాగాకే కాలు కింద పెడతాను. నడుము దాకా బిగుతు సాక్సులు మంచివే, కానీ మా కడప మే నెలలో అవి శిక్ష. పదకొండింటికే విప్పేస్తాను, దాచేదేముంది. కడుపునిండా తింటే రక్తమంతా అటే పోతుంది, అందుకే సంగటి ముద్ద సగం మధ్యాహ్నం, సగం నాలుగింటికి. తన చేతివంట నచ్చలేదేమోనని మా అత్తకు ఇప్పటికీ అనుమానం.

ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడి దగ్గర లైను తెలుసుగా, ఆ రోజు ముస్లింలూ వస్తారు. మడత స్టూలు పట్టుకుపోతాను. మొదట్లో సిగ్గేసేది. ఈసారి వెనకున్న పెద్దామె "కాసేపు నన్నూ కూచోనీమ్మా" అంది. గుడి దాకా వంతులేసుకున్నాం.