చెత్త యార్డు కిలోమీటరు దూరంలో ఉంటే బోరు నీళ్లు తాగొచ్చా?

అనంతపురం శివార్లో ప్లాటు చౌకగా వస్తోంది, చెత్త యార్డు కిలోమీటరు దూరంలో ఉంది, బోరు నీళ్లు తాగొచ్చా అని అడిగారు. దూరం తర్వాత చూద్దాం. యార్డు మీకు ఎగువనుందా, దిగువనుందా? వెంచర్ వాళ్లు పార్కు, గుడి, ఆర్చి అన్నీ చూపిస్తారు గానీ వంక ఎటు పారుతుందో ఒక్కడూ చెప్పడు.

మా చిన్నాయన ఇల్లు అలాంటి దిబ్బకు దిగువన, వంక పక్కనే ఉంది. దిబ్బ అడుగున షీటు లేదు, మురుగు పట్టే కాలువ లేదు, ఊరి చెత్తంతా తెచ్చి గుమ్మరించడమే. ఎండాకాలం పొగ, ఈగలతో సరిపోయేది. అక్టోబరు వానలకు మాత్రం దిబ్బ కింది నుంచి డికాషన్ రంగు నీళ్లు కారి వంకలో కలిసేవి. ఆ నెలలోనే మా చిన్నమ్మ "పప్పు ఎంతసేపు పెట్టినా ఉడకడం లేదు రా, బోరులో ఏదో తేడా వచ్చింది" అనింది.

సరిగ్గా అప్పుడే ఫిల్టర్లు అమ్మే పిల్లోడొకడు దిగాడు. ఒక గ్లాసులో మా బోరు నీళ్లు, ఇంకో గ్లాసులో తను తెచ్చిన ఫిల్టరు నీళ్లు పోసి, రెండింట్లోనూ కరెంటు కడ్డీలు ముంచాడు. నిమిషంలో మా గ్లాసు పచ్చగా మారి తర్వాత బురదలా తయారైంది, వాడిది తేటగానే ఉంది. "చూశారా సార్, ఇదంతా చెత్త విషం" అన్నాడు. చిన్నాయన అప్పటికే బీరువా తాళం వెతుకుతున్నాడు! నేను వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి వాడి గ్లాసులో వేసి, మళ్లీ ముంచమన్నా. అదీ బురదే అయింది. ఆ రంగు కడ్డీలోని ఇనుము కరిగి వచ్చేది, నీళ్లలో ఉప్పుంటే కరెంటు బాగా పారుతుంది, అంతే. పాపం పిల్లోడు ఇచ్చిన టీ కూడా తాగకుండా సంచీ సర్దుకున్నాడు.

నవ్వుకున్నాం గానీ అనుమానం తీరక మోటారు పది నిమిషాలు వదిలి, సీసా అవే నీళ్లతో కడిగి, పట్టి ల్యాబ్‌కి పంపాం. లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడని నైట్రేట్ మించింది, ఫ్లోరైడ్ కూడా 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. పరీక్ష మోసమే, నీళ్లు మాత్రం నిజంగానే బాగాలేవు!

ఫ్లోరైడ్‌ను చెత్త మీద వేయకండి, అది మన రాళ్లలోదే, మా జేజి కాలం నుంచీ ఉన్న బాధ. నైట్రేట్ మాత్రం దిబ్బదేనని నా గట్టి నమ్మకం. సెప్టిక్ ట్యాంకులదేమో, ఎరువులదేమో అని పక్కింటాయన వాదించాడు గానీ, దిబ్బకు ఎగువనున్న ఇళ్లలోనూ ట్యాంకులున్నాయి, ఒక ఇంటి నీళ్లు పరీక్షిస్తే నైట్రేట్ బాగానే ఉంది. ఒక్క ఇల్లేగా అంటారా, నాకదే చాలు.

ఇంకో సంగతి, నీళ్లలో ముంచి అంకె చూసే ఆ టీడీఎస్ పెన్నును నమ్ముకోవద్దు. మొత్తం ఉప్పెంతో చెబుతుంది గానీ అందులో నైట్రేట్ ఉందో లేదో చెప్పదు. కాచినా నైట్రేట్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నెలల పిల్లలకు ఆ నీళ్లతో పాలు కలిపితే ఒళ్లు నీలంగా మారే ప్రమాదముంది. మా ఇంట్లో చంటిపిల్ల ఉండేది కాబట్టే నాకు అంత టెన్షన్.

ఇక మీ కిలోమీటరు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో ల్యాండ్‌ఫిల్‌కీ (చెత్త పూడ్చే చోటుకీ) ఇళ్లకీ, తాగునీటి బావులకీ మధ్య 200 మీటర్లు ఉండాలన్నారు, ఆ లెక్కన మీరు చాలా దూరమే. కానీ మన దగ్గర నీళ్లు రాతి పగుళ్ల వెంట పోతాయి, టేపు పెట్టి కొలిస్తే తేలదు. అడ్వాన్సు ఇచ్చే ముందు, రెండు పెద్ద వానలు పడ్డాక, ఆ వెంచర్లో ఇప్పటికే బోరు వేసుకున్నవాళ్లను అడిగి రెండు సీసాలు పట్టుకొచ్చి ల్యాబ్‌కివ్వండి. చిన్నాయన ఇప్పుడు బోరు నీళ్లు స్నానానికీ బట్టలకీ వాడుకుని, తాగడానికి క్యాన్ కొంటున్నాడు. ఆ క్యాన్ ప్లాంటు బోరు కూడా ఆ వంక ఒడ్డునే ఉంది.