బెంచ్ మీద జీతం ఎగ్గొడితే ఊరుకోకండి

అమెరికాకి కొత్తగా వచ్చిన మన పిల్లల్లో చాలామంది గట్టిగా అడగాల్సిన చోట నోరు మెదపరు, పోనీలే అనుకోవాల్సిన చోట పంతానికి పోతారు. రూమ్మేట్ కుక్కర్ కడగలేదని నెలల తరబడి మాటలుండవు. అదే వీసా ఇప్పించి ఉద్యోగంలో పెట్టుకున్న కన్సల్టెన్సీ వాళ్లు జీతం ఆపేస్తే మాత్రం "వీసా వాళ్ల చేతిలో ఉంది కదన్నా, ఏం అడుగుతాం" అంటారు. వింటుంటే బాధేస్తుంది.

హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకి ప్రాజెక్టు లేక బెంచ్ మీద, అంటే పని లేకుండా ఖాళీగా, కూర్చోబెట్టినా, కంపెనీ చట్టప్రకారం జీతం ఇచ్చి తీరాలి, మీ సొంత పని మీద మీరే సెలవు పెట్టుకుంటే తప్ప. మీ వీసా కోసం వేసే దరఖాస్తు, అంటే పిటిషన్‌తో పాటు కంపెనీ కట్టే ట్రైనింగ్ ఫీజుని కూడా మీ దగ్గర ఏ రూపంలోనూ రాబట్టుకోకూడదు. వీసాకి భయపడి ఊరుకుంటే ఆ వీసాకే ముప్పు, ఎందుకంటే రేపు ఇంకో కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నప్పుడు పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు) అడిగితే మధ్యలో ఖాళీ నెలలకి జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

అలాగని ఆవేశంగా ఫోన్ చేసి అరిచేయకండి. ముందు కాగితం తయారు చేసుకోండి. ఫోన్‌లో వాళ్లు ఏమన్నా వెంటనే "ఈ నెల జీతం ఇవ్వలేమని ఇవాళ మీరు చెప్పారు" అని ఈమెయిల్ పెట్టండి. వేరే కంపెనీ మీ కోసం పిటిషన్ వేస్తే, అది ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి అందాక అక్కడ పని మొదలుపెట్టొచ్చు, కాబట్టి వీలైతే ఆ ప్రయత్నం ముందే చేసుకోండి. ఉద్యోగం పోతే మీకుండే గడువు మహా అయితే 60 రోజులు. ఇక కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌కి డబ్ల్యూహెచ్-4 ఫారంతో ఫిర్యాదు చేయాలంటే, జీతం ఎగ్గొట్టిన 12 నెలల్లోపే చేయాలి. కంపెనీ వాళ్లే పిలిచి బకాయిలో చాలావరకు ఇస్తాం, ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా ఇస్తాం అంటే నేనైతే ఒప్పుకోమనే అంటాను, ఆ లెటర్ గ్రీన్‌కార్డు వేసేటప్పుడు మళ్లీ కావాల్సొస్తుంది. మేనేజర్ తిట్టిన మాటలకి క్షమాపణ కూడా కావాలని మాత్రం పట్టుబట్టకండి, అక్కడ వదిలేయండి.

ఇంటి డిపాజిట్ కూడా ఇంతే. కాలిఫోర్నియాలో ఖాళీ చేసిన 21 రోజుల్లో తిరిగివ్వాలి, కోత పెడితే లెక్క రాసివ్వాలి. టెక్సాస్‌లో అయితే 30 రోజులు, కాకపోతే మీ కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. క్లీనింగ్ పేరుతో యాభై డాలర్లు పట్టుకుంటే మీ టైమ్ దానికి దండగ. మొత్తం డిపాజిట్ మింగేస్తే మాత్రం ముందొక ఉత్తరం రాయండి, కదలకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్లండి, కాలిఫోర్నియాలో అయితే ఆ విచారణలో ఎవరి తరఫునా లాయరు వాదించడానికి వీల్లేదు కాబట్టి భయపడక్కర్లేదు.

రూమ్మేట్ల దగ్గర గిన్నెలు, ఏసీ, ఇంగువ వాసన, ఇవన్నీ సర్దుకుపోండి, జ్వరమొచ్చిన రాత్రి మందు తెచ్చిచ్చేది వాళ్లే. అద్దె విషయంలో మాత్రం మొహమాటం వద్దు. లీజు మీద అందరూ కలిసి సంతకం పెట్టి ఉంటే రూమ్మేట్ ఎగ్గొట్టిన వాటా సాధారణంగా మీ మెడకే చుట్టుకుంటుంది, మొదటి నెలలోనే అడిగేయండి.